సైన్‌కూ సైనస్‌కూ ఉన్న చుట్టరికం

తలబరువుతో, ముక్కు దిబ్బడతో వెళ్లినవారికి వైద్యుడు సైనస్ అంటాడు. త్రికోణమితి పాఠం మొదలుపెట్టిన ఉపాధ్యాయుడు సైన్ అంటాడు. తెలుగులో ఈ రెండు మాటల చివరలు వేరుగా వినిపిస్తాయి కాబట్టి వీటిని పక్కపక్కన పెట్టి చూడాలని చాలామందికి తోచదు. లాటిన్‌లో మాత్రం అక్షరం తేడా లేకుండా రెండూ ఒకే మాట, సినుస్. స్పానిష్‌లోనైతే సేనో అన్న ఒక్క మాటకే రొమ్ము, ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలిగది, త్రికోణమితిలోని సైన్ అని మూడు అర్థాలూ ఉన్నాయి.

ఈ చుట్టరికం ఎలా ఏర్పడిందో చెప్పే కథ ఒకటి బాగా ప్రచారంలో ఉంది. సంస్కృతం నుంచి అరబ్బీకి వెళ్లిన ఒక గణిత పదాన్ని లాటిన్ అనువాదకుడెవరో తప్పుగా చదివాడనీ, ఆ పొరపాటే ప్రపంచమంతటా స్థిరపడిపోయిందనీ ఆ కథ సారాంశం. అందులో నిజం లేకపోలేదు. అయితే తప్పంతా ఆ అనువాదకుడి నెత్తిన వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. అతను తన ముందున్న మాటను సరిగానే అనువదించాడు. మాట దారి తప్పింది అతని చేతిలో కాదు, అతనికి చాలా ముందే, అది కూడా ఎవరూ గమనించనంత సహజంగా.

ముందు లాటిన్ మాట అర్థం చూద్దాం. సినుస్ అంటే వంపు, మడత, లోపలికి ఒదిగిన చోటు. రోమన్లు ధరించిన టోగా అనే పొడవాటి వస్త్రం ఛాతీ మీదుగా వచ్చేటప్పుడు ఒక పెద్ద మడత పడేది. దాని పేరు సినుస్. డబ్బు సంచి లాంటి చిన్న వస్తువులను అందులోనే దాచుకునేవారు. ఆ మడత ఉండేది గుండె దగ్గర కాబట్టి మాట వస్త్రం నుంచి శరీరానికి పాకి ఎద, రొమ్ము అనే అర్థాలు తెచ్చుకుంది. తెలుగులో ఒడి అన్న మాట కూర్చున్న మనిషి తొడల మీది చోటునూ, ఏదైనా పోసుకోవడానికి సంచిలా పట్టిన చీర చెంగునూ రెండింటినీ చెప్పినట్టే ఇదీ. సముద్రం నేలలోకి చొచ్చుకువచ్చిన చోటునూ రోమన్లు సినుస్ అనే అన్నారు. వారి భాషలో పర్షియా సింధుశాఖ సినుస్ పెర్సికుస్. చంద్రుడి మీద సినుస్ ఇరిడుమ్, అంటే ఇంద్రధనుస్సుల అఖాతం, అన్న పేరులో ఈ అర్థం నేటికీ బతికే ఉంది.

ఈ అర్థాలు తెలిస్తే శరీర శాస్త్రజ్ఞులు ఈ మాటను ఎందుకు తీసుకున్నారో వేరే చెప్పనక్కరలేదు. సైనస్ అన్నది జబ్బు పేరు కాదు, ఒక చోటు పేరు. ముక్కు చుట్టూ ఉన్న ఎముకల్లో నాలుగు జతల గాలిగదులున్నాయి: నుదుటి ఎముకలో ఒక జత, బుగ్గల వెనక పైదవడ ఎముకల్లో ఒక జత, రెండు కళ్ల మధ్య ఒక జత, ఇంకా లోతుగా ముక్కు వెనక కపాలం అడుగున ఒక జత. ఇవన్నీ సన్నని ద్వారాల గుండా ముక్కులోకి తెరుచుకుంటాయి. లోపలి పొర వాచి ద్వారం మూసుకుపోయినప్పుడు వచ్చే జబ్బును సైనసైటిస్ అనాలి. వాడుకలో దాన్ని కూడా సైనస్ అనే అంటున్నాం కాబట్టి ఈ మాటకు ముక్కుతో తప్ప దేనితోనూ సంబంధం లేదన్న భావన ఏర్పడింది. నిజానికి గుండె కండరంలో తిరిగి వచ్చిన రక్తాన్ని కుడి కర్ణికలోకి చేర్చే సిర పేరు కరోనరీ సైనస్. బృహద్ధమని మొదట్లో కవాటపు రెక్కల వెనక ఉండే మూడు ఉబ్బులు వల్సాల్వా సైనస్‌లు. మెడలో ధమని రెండుగా చీలే చోట రక్తపోటును కనిపెట్టే ఉబ్బు కరోటిడ్ సైనస్. మెదడును కప్పిన దళసరి పొర మడతల మధ్య చెడు రక్తం ప్రవహించే దారులు కూడా సైనస్‌లే. గాలి ఉన్నా రక్తం ఉన్నా, గోడల మధ్య ఒదిగిన ఖాళీ అన్నదే వీటన్నిటిలో ఉమ్మడి లక్షణం. వస్త్రం మడత నుంచి ఇక్కడికి రావడానికి మాట పెద్దగా ప్రయాణం చేయలేదు.

చిక్కంతా గణితంలో ఉంది. సైన్ అన్నది పుట్టినప్పుడు వృత్తంలో గీసిన ఒక సరళరేఖ పొడవు. అందులో మడత లేదు, వంపు లేదు, ఖాళీ లేదు. శరీర అవయవాల పేర్లు రేఖాగణితానికి వెళ్లడం వింతేమీ కాదు. మన భాషలోనే త్రిభుజానికి భుజాలున్నాయి, శీర్షాలున్నాయి, లంబానికి పాదం ఉంది, లంబకోణానికి ఎదురుగా ఉన్న పొడవాటి భుజానికి చెవి పేరైన కర్ణం ఉంది. ఈ పేర్లన్నీ ఏదో ఒక ఆకార సామ్యాన్నో స్థాన సామ్యాన్నో చూసి ఎరిగి పెట్టినవి. అటువంటి సామ్యాన్ని సైన్ విషయంలోనూ వెతికినవారు ఉన్నారు. సైన్ వక్రం అలలా వంపులు తిరుగుతుంది, సినుస్ అంటే వంపు, కాబట్టి ఆ పేరు వచ్చిందని వారంటారు. వినడానికి నమ్మదగ్గట్టుగా ఉన్న ఈ మాట కాలక్రమం ముందు నిలవదు. గణితంలో సినుస్ అన్న పేరు 12వ శతాబ్దం నాటిది. సైన్ వక్రాన్ని ఫ్రెంచి గణితజ్ఞుడు రోబర్వాల్ గీసింది 17వ శతాబ్దంలో. పేరు పెట్టిననాటికి సైన్ అంటే వృత్తంలో ఒక గీత, పట్టికలో ఒక అంకెల వరుస, అంతే.

ఆ గీత ఏమిటో తెలియాలంటే ఒక విల్లును ఊహించుకోవాలి. వృత్తపు అంచు మీద కొంత భాగం తీసుకుని దాని రెండు కొనలను సరళరేఖతో కలిపితే ఎక్కుపెట్టిన విల్లు ఆకారం వస్తుంది. సంస్కృత గణితజ్ఞులు ఆ బొమ్మలో కనిపించినదానికల్లా ధనుర్విద్య నుంచే పేర్లు పెట్టారు. వంపు తిరిగిన భాగం చాపం, అంటే విల్లు. కొనలను కలిపిన గీత జ్యా, అంటే వింటినారి. నారి నడిమి నుంచి చాపం నడిమి దాకా ఉన్న చిన్న గీత శరం, అంటే బాణం. వింటి కొనకు కోటి అని పేరు. కొసైన్‌కు సమానమైన కోటిజ్యా అన్న మాట అందులోంచి వచ్చింది.

గ్రీకు ఖగోళజ్ఞులు నారి మొత్తం పొడవును లెక్క కట్టేవారు. 2వ శతాబ్దంలో టాలెమీ వ్యాసార్ధాన్ని 60 భాగాలుగా తీసుకుని అర డిగ్రీకి ఒకటి చొప్పున పూర్తి నారుల పట్టిక తయారుచేశాడు. భారత ఖగోళజ్ఞులు నారిలో సగం తీసుకున్నారు. ఇది చిన్న మార్పుగా కనిపించవచ్చు గాని లెక్క చేసేవాడికి ఎంతో పని తగ్గించింది. గ్రహాల స్థానాలు కట్టేటప్పుడు నిజంగా అవసరమయ్యేది లంబకోణ త్రిభుజం. అందులో కర్ణం వ్యాసార్ధమైతే, కోణానికి ఎదుటి భుజం సరిగ్గా ఈ సగం నారే. పూర్తి నారుల పట్టిక ఉన్నవాడు ప్రతిసారీ కోణాన్ని రెట్టింపు చేసి, పట్టికలో చూసి, వచ్చినదాన్ని సగం చేసుకోవాలి. సగం నారుల పట్టిక ఉన్నవాడు చూసి రాసుకుంటే చాలు.

ఆర్యభటుడు 499లో, తన 23వ ఏట, ఈ సగం నారుల పట్టికను ఒకే ఒక శ్లోకంలో ఇమిడ్చాడు. ఆ శ్లోకం మఖి భఖి ఫఖి ధఖి ణఖి ఞఖి ఙఖి హస్ఝ అంటూ సాగుతుంది. అర్థం లేని శబ్దాలుగా వినిపించే వీటిని తెలుగు వర్ణమాల తెలిసినవారెవరైనా విప్పుకోవచ్చు. క నుంచి మ వరకు ఉన్న హల్లులకు వరుసగా 1 నుంచి 25 దాకా విలువలు. ఆ తరువాత య 30, ర 40 అంటూ పదేసి పెరిగి స 90, హ 100 అవుతాయి. అకారం ఉంటే హల్లు విలువ ఉన్నదున్నట్టు, ఇకారం ఉంటే దానికి నూరు రెట్లు. మఖిలో మ 25, ఖి రెండు నూర్లు, కలిపితే 225. భఖి 224, ఫఖి 222, ధఖి 219, ణఖి 215, ఞఖి 210, ఙఖి 205. హస్ఝలో హ 100, స 90, ఝ 9 కలిసి 199. ఇవి వరుసగా వచ్చే సగం నారుల మధ్య తేడాలు. ఒక్కొక్క అడుగు 3 డిగ్రీల 45 నిమిషాలు; ఇక్కడ నిమిషం అంటే కాలం కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు. వృత్తం చుట్టుకొలతను 21,600 నిమిషాలుగా తీసుకుంటే వ్యాసార్ధం దాదాపు 3438 నిమిషాలు. ఇప్పుడు పై ఎనిమిది సంఖ్యలనూ కూడి చూడండి. 1719 వస్తుంది. ఎనిమిది అడుగులంటే 30 డిగ్రీలు. 1719 అంటే 3438లో సరిగ్గా సగం. సైన్ 30 డిగ్రీలు ఒకటి బై రెండు అని నేడు బట్టీపట్టే సూత్రం ఆ ఎనిమిది మాటల్లో ఉంది. నేను మొదటిసారి వేళ్ల మీద లెక్కపెట్టి ఈ మొత్తాన్ని రాబట్టుకున్నప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

శ్లోకం చివరి మాట కలార్ధజ్యాః, అంటే నిమిషాల్లో చెప్పిన సగం నారులు. ఇక్కడ అర్ధ అన్న మాట ఉంది. కాని గ్రంథాల్లో పూర్తి నారి అవసరం అరుదు, సగం నారి అవసరం అడుగడుగునా. కాబట్టి అర్ధ అన్న భాగం రాలిపోయి ఉత్త జ్యా అన్నా సగం నారే అన్న వాడుక స్థిరపడింది. పద్యంలో రాసేవారికి గణాలు కుదరాలి గనుక జ్యా బదులు దాని పర్యాయపదాలైన జీవా, మౌర్వీ, శింజినీ కూడా వాడారు. జీవా అనగానే మనకు ప్రాణం గుర్తుకు వస్తుంది గాని ఇక్కడ దాని అర్థం వింటినారే. జ్యా కాకుండా ఈ జీవా అన్న రూపమే ప్రయాణానికి బయలుదేరింది.

8వ శతాబ్దం రెండో సగంలో, ఖలీఫా అల్ మన్సూర్ కాలంలో, భారత ఖగోళ గణితం బాగ్దాదు చేరింది. అరబ్బీ పండితులు విల్లు బొమ్మలోని పేర్లను చక్కగా అనువదించుకున్నారు: విల్లుకు కౌస్, బాణానికి సహ్మ్, నారికి వతర్. అయితే వతర్ అన్న మాట పూర్తి నారికి చెల్లింది. సగం నారికి ఇంకో మాట కావాలి. అందుకే కాబోలు, దానికి మాత్రం సంస్కృత పదాన్నే అట్టేపెట్టుకున్నారు. అరబ్బీలో వకారానికి మన ఉచ్చారణ లేదు కాబట్టి జీవా అన్నది జీబ్ అయింది.

ఇక్కడ అరబ్బీ లిపి గురించి ఒక మాట చెప్పాలి. అందులో హ్రస్వ అచ్చులను మామూలుగా రాయరు. జీబ్ అని రాయడానికి జీమ్, యా, బా అనే మూడు అక్షరాలు వాడతారు. జైబ్ అనే ఇంకో మాట రాయడానికీ సరిగ్గా ఆ మూడు అక్షరాలే. కాగితం మీద రెండూ ఒకటే. ఎలా పలకాలో చదివేవాడికి తెలిసి ఉండాలి. జీబ్ అన్నదానికి అరబ్బీలో ఈ గణిత పరిభాష తప్ప వేరే అర్థం లేదు. జైబ్ మాత్రం అందరికీ తెలిసిన మాట: అంగీకి మెడ దగ్గర ఉండే చీలిక, దాని వెనక ఎద, వస్తువులు దాచుకునే మడత. ఆ మాట ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగుకూ వచ్చింది. మనం రోజూ చెయ్యి పెట్టుకునే జేబు అదే. ఈ కథలో చొక్కా జేబు ఎదురుపడుతుందని ఊహించడం కష్టం గాని, సైన్‌కూ జేబుకూ మధ్య ఉన్నది ఒక్క అనువాదం దూరం మాత్రమే.

బాగ్దాదులో ఈ మాట అడుగుపెట్టిన నాటికీ లాటిన్‌లోకి వెళ్లిన నాటికీ మధ్య మూడున్నర శతాబ్దాలకు పైగా గడిచాయి. ఆ మధ్య కాలంలో అల్ బత్తానీ, అబుల్ వఫా వంటి గొప్ప గణితజ్ఞులు ఈ మూడు అక్షరాలను తమ గ్రంథాల్లో వేల సార్లు రాశారు, వాటిని శిష్యులు బిగ్గరగా చదివారు. సంస్కృతం తెలియని విద్యార్థికి అర్థం లేని జీబ్ కన్నా నోటికి అలవాటైన జైబ్ తోచడం సహజం. నేటికీ అరబ్బీ గణితంలో సైన్ పేరు జైబ్, కొసైన్ పేరు జైబ్ అల్ తమామ్, అంటే పూరక జైబ్. లాటిన్ అనువాదకుడు లేకపోయినా అరబ్బీలో మాట జైబ్‌గా మారి ఉండేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? 12వ శతాబ్దంలో స్పెయిన్‌లో కూర్చుని అరబ్బీ గ్రంథాలను లాటిన్‌లోకి మార్చిన పండితుడి ముందున్నది ఈ జైబే. వస్త్రపు మడత, ఎద, వస్తువులు దాచుకునే చోటు అనే మూడు అర్థాలనూ మోసే లాటిన్ మాట ఒకటే ఉంది. అతను దాన్నే ఎంచుకున్నాడు. టోగా మడతలో డబ్బు సంచి దాచుకున్న రోమన్‌కు జైబ్ అన్న మాట వివరించవలసి వస్తే అతనూ సినుస్ అనే అనేవాడు. పొరపాటు అనువాదంలో లేదు, అనువదించదగ్గ మాటే అది కాదన్న సంగతి మరుగున పడడంలో ఉంది.

ఆ అనువాదకుడు ఎవరన్న విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. టొలెడోలో పనిచేసి 1187లో మరణించిన క్రెమోనా గెరార్డ్ అని చాలామంది అంటారు. చెస్టర్ రాబర్ట్ అని కొందరు, అల్ బత్తానీని అనువదించిన టివోలి ప్లేటో అని ఇంకొందరు. ఎవరైనా ఒకటే. మాట నిలిచింది. 1620లో ఎడ్మండ్ గంటర్ అనే ఆంగ్లేయుడు పూరక సినుస్ అన్నదాన్ని కుదించి కొసినుస్ అన్నాడు. జైబ్ అల్ తమామ్‌లో ఉన్న భావమే అది.

గణితం కోసం వాడిన సినుస్, శరీర శాస్త్రం కోసం వాడిన సినుస్ ఇలా వేరువేరు దారుల్లో వచ్చి ఒకే వర్ణక్రమంలో నిలిచాయి. అందుకే ఇవి ఎదురుపడిన చోటల్లా గందరగోళం తప్పదు. అరబ్బీలో ముక్కు పక్కన గాలిగదులను కూడా జైబ్ బహువచనమైన జుయూబ్ అనే అంటారు కాబట్టి అక్కడా ఇదే జంట. సైనుసాయిడ్ అన్న మాట గణితంలో సైన్ వక్రం. కాలేయంలో అదే మాట మామూలు రక్తకేశనాళికల కన్నా వెడల్పుగా, గోడలు జల్లెడలా ఉండే రక్తపు దారులకు పేరు. అన్నిటికన్నా ఎక్కువ మందిని తికమక పెట్టేది ఈసీజీ కాగితం. దాని మీద నార్మల్ సైనస్ రిథమ్ అని చూసి ముక్కు సమస్య గుండెకు పాకిందేమో అని కంగారుపడేవారు ఉంటారు. గీత అలలా కనిపిస్తోంది కాబట్టి అది సైన్ తరంగమని అనుకునే ఇంజనీరింగ్ విద్యార్థులూ ఉంటారు. రెండూ కాదు. పిండ దశలో గుండెకు రక్తం చేర్చే సైనస్ వినోసస్ అనే గది ఉన్న ప్రాంతంలో, కుడి కర్ణిక గోడలో, గుండె లయను నడిపే కణుపు ఉంటుంది. కీత్, ఫ్లాక్ 1907లో వర్ణించిన ఆ కణుపు నుంచి పుట్టిన లయ అని మాత్రమే ఆ మాటకు అర్థం. అంటే గుండె ఎక్కడి నుంచి నడవాలో అక్కడి నుంచే నడుస్తోందన్నమాట. దీనికి భిన్నంగా, రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగినప్పుడు ఈసీజీలోని విడివిడి అలలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నిజంగానే సైన్ తరంగంలా కనిపిస్తాయి. అప్పుడు క్షణం కూడా ఆలస్యం చేయకూడదు. ఒకే లాటిన్ మాట ఒక ఈసీజీ మీద ఊరటను, ఇంకొక ఈసీజీ మీద ప్రాణాపాయాన్ని చెబుతుంది.

విల్లు బొమ్మలోని శరం కూడా శరీరంలోకి వచ్చింది. బాణానికి అరబ్బీ సహ్మ్, లాటిన్ సగిట్టా. మధ్యయుగ గణితంలో శరం పేరు సగిట్టాయే. కపాలం పైభాగాన రెండు ఎముకలు ముందు నుంచి వెనక్కి కలిసే తిన్నని అతుకు బాణంలా కనిపిస్తుంది కాబట్టి దానికి సజిటల్ అతుకు అని పేరు. దాని అడుగున మెదడు రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే దారి సుపీరియర్ సజిటల్ సైనస్. ఈ పేరు పెట్టినవారి మనసులో త్రికోణమితి లేదు. అయినా గణితంలో శరానికీ జ్యాకూ స్థిరపడిన లాటిన్ మాటలు రెండూ ఆ ఒక్క పేరులో పక్కపక్కన వచ్చి కూర్చున్నాయి. పూర్తి నారికి యూరప్ భాషల్లో స్థిరపడిన కార్డ్ అన్న మాట సంగతీ ఇలాంటిదే: దాని మూలమైన గ్రీకు మాటకు పేగు అని అర్థం, ఆ పేగుతో చేసిన వాద్యపు తీగ అని తరువాతి అర్థం. వెన్నెముక ఏర్పడక ముందు పిండంలో ఉండే నోటోకార్డ్ పేరులోనూ అదే మాట ఉంది.

మన పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు జ్యా అంటే వృత్తం మీది రెండు బిందువులను కలిపే పూర్తి రేఖాఖండం. సగం నారికి మాత్రం సైన్ అన్న మాట యూరప్ చుట్టి మన దగ్గరికి తిరిగి వచ్చింది. అందువల్ల సిద్ధాంతాలనే పాత సంస్కృత ఖగోళ గ్రంథాలను తెలుగులో చదివేవారు ఒక జాగ్రత్త పాటించాలి. 30 డిగ్రీల చాపానికి జ్యా ఎంత అని అడిగితే, వ్యాసార్ధం 3438 అయినప్పుడు, బడి పుస్తకం నిర్వచనం ప్రకారం వచ్చేది దాదాపు 1780. ఆర్యభటుడి పట్టిక ప్రకారం వచ్చేది మఖి నుంచి హస్ఝ దాకా కూడిన 1719.